నడిమి సున్నా

సాయంత్రం బడి విడిచిన గంట కొట్టారు. పిల్లలంతా గేటు వైపు పరుగు తీస్తుంటే పద్దెనిమిది మంది మాత్రం మళ్లీ గదిలోకి వచ్చి కూర్చున్నారు. పాలమూరు వైపు ఒక పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అది. లెక్కల ప్రత్యేక తరగతి చూద్దామని వెళ్లాను. సారు ముందే చెప్పారు, "ఇప్పుడు కొత్త పాఠం ఉండదండీ. ఇది పాత బాకీ తీర్చుకునే గంట."

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవాళ్లు కలిసిపోయి ఉన్నారు. బడి తెరిచిన కొత్తలోనే సారు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎవరి లెక్క ఎక్కడ ఆగిందో చూసుకున్నారట. తీసివేత దగ్గర ఆగినవాళ్లు ఒక మూల, భాగహారం దగ్గర ఆగినవాళ్లు ఇంకో మూల, భిన్నాలవాళ్లు కిటికీ పక్కన. తీసివేతవాళ్ల ముందు చీపురు పుల్లలు పదేసి కట్టలుగా ఉన్నాయి. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పి, పక్కనున్న ఆరో తరగతివాడితో కలిసి పుల్లలు లెక్కపెడుతున్నాడు.

నేను భాగహారం మూలన కూర్చున్నాను. రెండు జడల పిల్ల ఒకతె 612ని 6తో భాగించి 12 అని రాసింది. సారు తప్పని అనలేదు.

"ఆరు వందల పన్నెండు రూపాయలు ఆరుగురికి పంచినవ్. ఒక్కొక్కరికి ఎంతొచ్చింది?"

"పన్నెండు సార్."

"ఆరు పన్నెండ్లు?"

"డెబ్బై రెండు."

"మరి మిగతా పైసలు యాడికి పోయినయ్?"

ఆ పిల్ల బిత్తరపోయింది. సారు అట్టముక్కలతో చేసిన నోట్లు ముందు పెట్టారు. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు. వందలు తలా ఒకటి పంచింది. పది నోటు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కాసేపటికి, "దీన్ని చిల్లర చేయాలె సార్" అంది. పది బిళ్లలు తెచ్చుకుంది, ఉన్న రెండూ కలిపి పన్నెండు, తలా రెండు.

"పది నోటు ఎవరికన్నా వచ్చిందా?"

"ఎవ్వరికీ రాలే."

"రాలేదని బుక్కుల ఎట్ల రాస్తవ్?"

చాలాసేపు చూసింది. అప్పుడు ఒకటికీ రెండుకూ నడుమ సున్నా పెట్టింది. 102. ఆ ఒక్క సున్నాకు పదినిమిషాల పైనే పట్టింది. నిండు తరగతిలో, సిలబస్ తరుముతుంటే, ఒక్క పిల్లకు అంత సమయం ఎవరివ్వగలరు?

ఇది ఈ ఒక్క బడి కథ కాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో చేసినప్పుడు, గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగానికి తక్కువే. ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2015లో చేసిన పరిశోధనలో, ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనకబడి కనిపించారు. బడి అయ్యాక కంప్యూటర్ మీద ఎవరి స్థాయికి తగిన లెక్కలు వాళ్లకిచ్చి, చిన్న బృందాల్లో చెబితే నాలుగున్నర నెలల్లోనే స్పష్టంగా ముందుకొచ్చారు. మామూలు తరగతిలోనే ఉండిపోయిన బాగా వెనకబడ్డవాళ్లు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నారు.

నేను చూసిన మరో బడిలో ప్రత్యేక తరగతంటే పొద్దున చెప్పిన పాఠాన్నే సాయంత్రం మళ్లీ బోర్డు మీద రాయడం. పిల్లలు దించుకుంటారు, అంతే. భాగహారమే రాని పిల్లకు బీజగణితం రెండుసార్లు చెప్పి లాభం లేదు. అలాంటి గంట కన్నా పిల్లల్ని ఆడుకోనివ్వడం మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పాలమూరు బడి సారు బాధ ఒకటుంది. ఈ శ్రమ పరీక్ష మార్కుల్లో వెంటనే కనబడదు. ఏడో తరగతి ప్రశ్నపత్రం నాలుగో తరగతి లెక్క అడగదు కదా. పైగా దూరం పిల్లలకు చివరి ఆటో అందదు. అందుకని తండా పిల్లలు నలుగురు మానేశారు.

విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్, ప్రతి పిల్లవాడి స్థాయి చూసి అవసరమైన అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుల విధి అని చెబుతోంది. అంటే ఇది ఎవరి దయాధర్మమూ కాదు. తల్లిదండ్రులారా, ఈసారి బడి మీటింగుకు వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇంకో మాట అడగండి: మా పిల్ల లెక్క ఎక్కడ ఆగింది, సాయంత్రం తరగతి అక్కడి నుంచే మొదలవుతోందా? సర్పంచులు ఆ ఆటో సంగతి చూడండి.