పందికీ దుప్పికీ ఒకటే తుపాకీ ఉంటదా?

మక్క కంకి పాలు పట్టుడు షురువైతే ఇదే ప్రశ్న: "అన్నా, యూట్యూబ్‌ల చూసిన. అమెరికాల ఒకటే రైఫిల్‌తోని పంట పాడుచేసే జంతువులనూ, జింకలనూ కొడ్తున్నరు. మనకు ఏ బోరు మంచిది?"

మీరు చూసింది ఎక్కువగా పాయింట్ 243 విన్‌చెస్టర్. 1955ల వచ్చింది. చిన్న జంతువులకు 55 గ్రెయిన్ల తేలిక గుండు, జింకకు 100 గ్రెయిన్ల గుండు, తుపాకీ మాత్రం ఒకటే. అక్కడ వేటకు సీజనుంటది, పర్మిట్ ఉంటది. మన దగ్గర దుప్పి ముచ్చట ఇక్కడనే బందు పెట్టుండ్రి. 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పి, జింక, కణుజు ఏది కొట్టినా కేసే. కొత్తగూడ దిక్కు, భూపాలపల్లి అడవి పొంటి ఉన్నోళ్లకు నేను కొత్తగ చెప్పేదేం లేదు.

అడవి పంది లెక్క వేరే. అదీ చట్టం కాపాడే జంతువే. కానీ చేన్ల ఉన్న పంటను నాశనం చేస్తుంటే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతల ఉత్తర్వు ఇస్తే చంపనీకి 11వ సెక్షన్ ఒప్పుకుంటది. ఆ కాయితం లేకుంటే, తుపాకీ లైసెన్సు జేబుల ఉన్నా నేరమే.

ఇగ బోరు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు రైఫిల్ పేరే ఎత్తది. మూతికెళ్లి మందు కూరే తుపాకీ అంటది. అది చాలదని అధికారికి అనిపిస్తే, లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకీ, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాకుండా. మనకు తెలిసిన 12 బోరు అదే.

నాకైతే ఇదే సరైందనిపిస్తది. 315 రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోతది. జనగామ దిక్కు చేన్లు సాపుగ ఉంటయి, గుండును ఆపేది ఏముంటది? రాత్రి కరెంటొస్తే మోటరు కాడ ఎవడో ఒకడు ఉండనే ఉంటడు. అడవి పొంటి చేన్ల పంది కనబడేదే ఇరవై అడుగుల్ల, అంత దూరం కొట్టే రైఫిల్ ఎందుకు? అయితే 12 బోరుల పిట్టల రవ్వలు పెట్టి కొట్టకుండ్రి. మగపంది భుజం తోలు మందం, గాయపడ్డ పంది మనిషి మీదికే వస్తది. ఎల్‌జీ లాంటి పెద్ద రవ్వలు, దగ్గరి దూరం, మంచె మీదికెళ్లి కిందికి గురి. తప్పినా రవ్వలు మట్టిల దిగుతయి.

కాయితం లేటయితదని కంచెకు కరెంటు తీగ గుంజెటోళ్లున్నరు. మానుకోట దిక్కు మిర్చి తోటకు రాత్రి నీళ్లు పెట్టబోయే పక్క చేను రైతుకు ఆ తీగ కనబడుతదా? ఆ తీగకు వచ్చింది పందా, మనిషా తెల్వది. సోలార్ కంచె కరెంటు ఆగి ఆగి కొడ్తది, జంతువు బెదిరిపోతది గానీ సావదు. ఖర్చయినా అది నయం.

దరఖాస్తు మాత్రం మక్క విత్తిన వారంలనే ఇయ్యుండ్రి. పోయినేడు పాడైన పంట ఫోటోలు, పాస్‌బుక్కు జిరాక్సు జత పెట్టుండ్రి. కంకి పట్టినంక ఇస్తే కోతల దాకా ఫైలు బల్ల మీదనే ఉంటది.