డిస్క్ నిండిన మెయిల్ సర్వర్

మెయిల్ సర్వర్‌లో డిస్క్ నిండితే మొదట ఆగేది బయటి నుంచి రావాల్సిన మెయిళ్లు. సర్వర్‌లో నడిచే మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయితే, ఒక్క మెయిల్‌కు అనుమతించిన గరిష్ఠ సైజుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ లేనప్పుడు కొత్తది తీసుకోదు. 452 కోడ్ ఇచ్చి, తర్వాత రమ్మంటుంది. పంపిన సర్వర్ దాన్ని తన క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలుగా ఇది నాలుగైదు రోజులు సాగుతుంది. ఆలోగా జాగా చేస్తే ఏదీ పోదు. ఈ సంగతి తెలియక కంగారులో చేతికందిన ఫైలల్లా డిలీట్ చేయడం వల్లే అసలు నష్టం.

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి ఒక చిన్న ఎగుమతి సంస్థలో సర్వర్ అంటే మేడ మీద గదిలో ఉన్న పాత డెస్క్‌టాప్. ఉబుంటు, పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, 500 జీబీ డిస్క్. “పార్టీ పొద్దున్నే పంపానంటున్నాడు బాబూ, మనకేమో ఒక్కటీ దిగలేదు” అని అకౌంట్స్ చూసే ఆవిడ పదే పదే అంటున్నా, బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు దేన్నీ ముట్టుకోలేదు. ముందు డీఎఫ్ కమాండ్ కొట్టి మొత్తం ఎంత నిండిందో చూశాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, డీయూ కమాండ్ చూపిన ఒక్కో డైరెక్టరీ పేరు, ఎదురుగా జీబీలు రాసుకుంటూ పోయాడు. అడుగున గీత గీసి కూడాడు. కూడిక డీఎఫ్ చెప్పినదాని కంటే బాగా తక్కువ వచ్చింది.

ఆ తేడాకు కారణం ఉంది. లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలును డిలీట్ చేస్తే పేరు మాత్రమే పోతుంది. ఆ ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా జాగా తిరిగి రాదు. ఇక్కడ అంతకుముందు ఎవరో పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేశారు. డీయూకి అది కనబడదు, డీఎఫ్ లెక్కలో ఉంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో దాన్ని పట్టుకుని, లాగ్ సర్వీసును రీస్టార్ట్ చేయగానే చాలా జాగా వచ్చింది. గొప్ప పనితనమంటే ఇదే: ముందు లెక్క, తర్వాతే చెయ్యి.

మిగతా భారం మెయిల్‌బాక్సులది. అటాచ్‌మెంట్ బేస్64 రూపంలోకి మారి సుమారు మూడో వంతు పెరుగుతుంది. సరుకు ఫోటోలు, ల్యాబ్ రిపోర్టులు ఆఫీసులో అందరికీ సీసీ పెడితే అన్ని కాపీలూ డిస్క్ మీదికే చేరతాయి, సెంట్ ఫోల్డర్‌లో ఇంకొకటి. ట్రాష్, స్పామ్ ఫోల్డర్లలోని పాతవాటిని డవ్‌కాట్ కమాండ్ డవ్‌అడ్మ్‌తో తేదీని బట్టి తీసేయవచ్చు. కొనుగోలు, అమ్మకాల మెయిళ్లు అలా కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పత్రాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి; వాటిని వేరే డిస్క్‌కు మార్చి, కాపీ సరిగా తెరుచుకుంటోందని చూశాకే ఇక్కడ తీయాలి.

జీబీలు ఖాళీగా ఉన్నా జాగా లేదని వస్తే ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యేవి) అయిపోయాయేమో చూడాలి. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు కాబట్టి చిన్న మెయిళ్లు లక్షల్లో ఉంటే ఈ ఇబ్బంది వస్తుంది. క్యూ పెరిగి ఉంటే అందులోని ఫైళ్లను నేరుగా కాకుండా పోస్ట్‌ఫిక్స్ కమాండ్ పోస్ట్‌సూపర్ ద్వారానే తీయాలి. వేలకొద్దీ తెలియని చిరునామాలకు మెయిళ్లు కనిపిస్తే ఏదో పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని అనుమానించాలి.

ఆ ఆఫీసులో ఏసీకి, జనరేటర్‌కు ఏఎంసీ ఉంది. ఆర్డర్లన్నీ వచ్చే సర్వర్‌కు లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కనిపెట్టుకుని ఉండే మనిషి ఉచితం కాదు. ఆ జీతం దండగనుకోవడం వ్యాపారానికే చేటు. లాగ్‌రొటేట్ సరిచేయడం, ఒక్కో ఖాతాకు కోటా పెట్టడం, 80 శాతం దాటితే ఫోనుకు హెచ్చరిక వచ్చేలా చేయడం పూటలో అయ్యే పనులు. ఆ హెచ్చరిక అదే సర్వర్ నుంచి మెయిల్‌గా వచ్చేట్టు పెడితే, డిస్క్ నిండాక అదీ ఆగిపోవచ్చు.

జాగా వచ్చాక సొంత క్యూను పోస్ట్‌క్యూతో కదిలించవచ్చు. అవతలివాళ్ల క్యూ మన చేతిలో లేదు. అక్కడా పోస్ట్‌ఫిక్సే అయితే, డిఫాల్ట్‌లో రెండు ప్రయత్నాల మధ్య ఎడం 4,000 సెకన్ల దాకా ఉంటుంది. కాబట్టి ఆర్డరు మెయిల్ మళ్లీ పంపమని పార్టీని అడిగే ముందు గంటన్నర ఆగాలి, లేకపోతే ఒకే ఆర్డరు రెండుసార్లు నమోదు కావచ్చు.