ప్లేట్ల పిచ్చి

ఏదో ఒక పిచ్చి లేని మనిషి లోకంలో ఉండడు. ఒకరికి పేకాట, ఒకరికి కోడిపందాలు, మరొకరికి పదవులు. వాటితో పోల్చి చూస్తే గ్రామఫోను ప్లేట్ల పిచ్చి సాధుజంతువు వంటిది. ఇరుగుపొరుగుల నిద్ర కాస్త చెడుతుందేమో కాని కొంపలు కూలవు. అయితే ఈ మాట మా యింటావిడ దగ్గర మాత్రం అనకండి. నెల మొదటి వారంలో గుమ్మం దగ్గర పార్సెలు కనబడితే చాలు, "ఈసారి ఎవరు పాడినారో!" అంటుంది. ఆ ప్రశ్నలో గాయకుడి పేరుకంటె ప్లేటు ధరే ఎక్కువగా ధ్వనిస్తుంది.

మాది చిత్తూరు జిల్లాలోని ఐరాల. కాణిపాకం వినాయకుణ్ణి దర్శించుకున్నవారు తమకు తెలియకుండానే మా మండలంలో కాలు పెట్టినవారే. చెరకు, వేరుసెనగ, మామిడి మా సిరులు. ఇటువంటి చోట గ్రామఫోను ప్లేట్లకు పనేమిటని మీకు తోచవచ్చు. పద్యనాటకానికి మోజు తగ్గని రోజుల్లో మా పల్లెల నటులకు గురువులు ఇద్దరు. ఒకరు హార్మోనియం వాయించే ఆయన, రెండవది ప్లేటు. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకున్న నాగయ్యగారు ఆ ఊరినే ఇంటిపేరుగా చేసుకొని, 1946లో ‘త్యాగయ్య’ తీసి, అందులో తానే నటించి తానే పాడారు. అటువంటి గాలి వీచిన సీమ ఇది.

మా నాయన బడిపంతులు. ‘రాయబారం’లో కృష్ణుడి వేషం కట్టేవారు. మదరాసుకు పని మీద పోయినప్పుడల్లా మూర్‌మార్కెట్టులో పాత పుస్తకాల అంగళ్ళ మధ్య ప్లేట్లు వెదికేవారట. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయిందని విని, బంధువెవరో పోయినట్టు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మ చెబుతుంది. ఆయన వెనుక నాకు సంక్రమించినవి అరెకరం నేల, రేకుపెట్టెలో 43 ప్లేట్లు, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఒకటి.

ఆ ప్లేట్లన్నీ నిమిషానికి 78 చుట్లు తిరిగేవే. పది అంగుళాల ప్లేటులో ఒక్కొక్క పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’ అనే కొద్దీ రాగం తీసే నటుడికి ప్లేటు గడియారం చూపించి కూర్చోబెట్టింది. రాగానికి ఎంత, మాటకు ఎంత అన్న లెక్క అక్కడ తెలుస్తుంది. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’ పుస్తకంలో చదివినవారికంటె ఘంటసాల గొంతులో విన్నవారే ఎక్కువ మంది ఉంటారు. పద్యానికి ప్లేటు చేసిన మేలు అది. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి కనుక నాకు ఈ సంగతి మరీ ముఖ్యం.

దీనికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. మా నాయన ఫోటోలు నాలుగు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా పట్టి ఉంచలేదు. కాని ఆయన కృష్ణుడి పద్యాలు నేర్చుకున్నది ఈ ప్లేట్ల వల్లనే. ఏ అక్షరం దగ్గర ఊపిరి తీయాలి, ఎక్కడ రాగం నిలపాలి అన్నదంతా ప్లేటులో ఉన్నట్టే పాడేవారు. ఆ ప్లేటు తిరుగుతున్నంతసేపు అమ్మ వంటింట్లో గరిటె పక్కన పెట్టి వింటుంది. ఎవరి గొంతు వింటున్నావని నేను ఎన్నడూ అడగలేదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. 78 ప్లేటు లక్కతోను, మెత్తగా నూరిన రాతిపొడితోను చేసింది. దాని మీద నడిచే ఉక్కు ముల్లు అరిగి గాడికి సరిపడేటట్టు ఆ పొడి చూస్తుంది. అందుకే ఒక పక్క పాడిన తరువాత ముల్లు మార్చాలన్నది నియమం. రెండువందల ముళ్ళ డబ్బాలు అమ్మేవారు. పల్లెల్లో అన్ని ముళ్ళు ఎవరు కొంటారు? ఒకే ముల్లుతో నెల గడిపేవారు. అరిగిన ముల్లు ఉలి వంటిది. దాని మీద మోపే బరువు వంద గ్రాములకు పైమాటే. అంటే వినడమూ చెరపడమూ ఒకేసారి జరుగుతున్నాయన్నమాట. పోనీ, వినకుండా దాచుదామా అంటే అప్పుడది పెట్టెలో ఉన్నా లేనట్టే. అంచేత ప్లేటును గాయపరచకుండా పాడించే యంత్రం కొనక తప్పలేదు.

బెంగుళూరులో ఒక అంగడికి పోయాను. దీపాలు వెలిగేవి, సూటుకేసులో ఇమిడేవి, నల్లగా నిగనిగలాడేవి ఎన్నో చూపించారు. వాటిలో చాలా వాటికి 33, 45 వేగాలు మాత్రమే ఉన్నాయి. 78 కావాలన్నాను.

"ఇప్పుడు 78 ఎవరు వింటారు సార్?" అన్నాడు ఆ అబ్బాయి.

"మా అమ్మ వింటుందప్పా" అన్నాను. పాపం, ఆ తరువాత అతడే లోపలికి పోయి మూడు వేగాలున్నది వెదికి తెచ్చాడు.

ఈ బేరంలో నాకు తెలిసి వచ్చినది ఒక్కటే. ముందు మీ పెట్టెలో ఏ ప్లేట్లున్నాయో చూసుకోండి. యంత్రం మాట ఆ తరువాత. ఎల్పీ అమెరికాలో 1948లో వచ్చినా మన దేశంలో 1960లలో కూడా 78లు అచ్చవుతూనే ఉన్నాయి. బీటిల్సు పాటలు సైతం ఇక్కడ 78 ప్లేట్ల మీద వచ్చాయి. కాబట్టి మన అటకల మీద రెండు రకాలూ దొరుకుతాయి. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లయితే, 78కి కావలసినది దానికి నాలుగింతలు, అంటే 70, 75 మైక్రాన్లు. సన్నముల్లు పెద్ద గాడిలో పెడితే అడుగున పడి బరబరమంటుంది. వేగం ఒక్కటే చాలదు, ముల్లు మార్చే వీలు ఉండాలి. బరువు సరిచూసుకునే వీలూ ఉండాలి. మంచి అయస్కాంతపు కార్ట్రిడ్జి ఎల్పీ మీద రెండు గ్రాముల బరువుతో నడుస్తుంది. చవుక పెట్టెల్లో ఐదారు గ్రాములు మోపుతారు.

కార్ట్రిడ్జి నుంచి వచ్చే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే. పైగా గాడి వెడల్పు మితిమీరకుండా మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి ఎల్పీ కోస్తారు. దీనిని తిరిగి సరిచేసి, ధ్వనిని పెంచే చిన్న పెట్టె ఒకటుంటుంది. దానిని ఫోనో ప్రీయాంప్లిఫైయరంటారు. యంత్రంలోనే అది ఉన్నదో లేదో అడిగి కొనండి. లేకపోతే పాట దోమ రొదలా వినబడుతుంది. ఇక బల్ల సంగతి. గోడలోకి దిగిన కడపబండ అలమర ఉంటే అంతకు మించిన పీఠం లేదు. పిల్లలు గంతులేసినా ముల్లు ఎగరదు. స్పీకర్లను మాత్రం ఆ బండ మీద పెట్టకండి.

పాత ప్లేటు కొనేటప్పుడు దీపం కింద వాల్చి చూడాలి. లేబులు మీద రంధ్రం చుట్టూ గీతలుంటే చాలాసార్లు తిరిగిందని గుర్తు. లక్కప్లేటును స్పిరిటుతో తుడవరాదు, కరిగిపోతుంది. ఎల్పీలను నిలువుగా పెట్టి ఎండకు దూరంగా ఉంచాలి. మా రోహిణీకార్తె ఎండకు అవి అప్పడాలవుతాయి. 1980 ప్రాంతంలో తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఎల్పీలు ఐదింటినీ వెదికి కూర్చడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

అన్నీ ఫోనులో దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకని మా విద్యార్థులు అడుగుతారు. సినిమాపాటలు దొరుకుతాయి, నిజమే. పేరు మరుగుపడిన నాటక గాయకుల ప్లేట్లన్నీ ఫోనులోకి ఎక్కలేదు. అటువంటి ప్లేటు ఎవరి అటక మీదనో ఒక్కటే మిగిలి ఉండవచ్చు, అది పగిలితే ఆ గొంతు అంతే. మదరాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొద్దీ ప్లేట్లు సేకరించారు. సేకరించి ఊరుకోక, పాడినదెవరు, రాసినదెవరు అని ‘ఆలాపన’ వంటి రచనలలో పాఠకులకు పంచిపెట్టారు. ఆయన ముందు నా 43 ఏపాటి? అయినా ఆ దారినే నడుస్తున్నాను. ప్రతి ప్లేటునూ శుభ్రం చేసి, తగిన ముల్లుతో ఒకసారి పాడించి, కంప్యూటరులోకి ఎక్కించి, లేబులు మీది పేర్లు నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇంతవరకు 31 అయినాయి. మొన్న తరగతిలో ఒకటి వినిపిస్తే, వచనంలా పద్యం చదివే కుర్రవాడొకడు మరునాడు రాగం తీయబోయి అందరినీ నవ్వించాడు. నవ్వితేనేమి, తీశాడు కదా!

మీ యింటి అటక మీద కూడా ఇటువంటి పెట్టె ఉండవచ్చు. పాతసామాను కొనేవాడు వీధిలో కేక వేసినప్పుడు తొందరపడకండి. ఒకసారి దుమ్ము దులిపి లేబులు చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. ఆ ప్లేటు ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో వాళ్ళు ఉన్నప్పుడే తెలుసుకోవాలి.