లిబర్టీ ద్వీపంలో కొత్త ఆటగాడు

శత్రువుల కంటబడకుండా వారి నడుమ నుంచే జారుకుంటూ సాగే కంప్యూటర్ ఆటలను స్టెల్త్ ఆటలనీ, ఒక పాత్రను స్వీకరించి దాని శక్తిసామర్థ్యాలను ఆటగాడు తన అభిరుచి మేరకు పెంచుకుంటూ పోయే ఆటలను రోల్ ప్లేయింగ్ ఆటలనీ వ్యవహరిస్తారు. ఈ రెండు సంప్రదాయాలనూ, వాటికి తోడు తుపాకీ పోరాటాన్నీ ఒక్కచోట కూర్చిన ఆటలలో ‘డ్యూస్ ఎక్స్’ది నేటికీ అగ్రస్థానమనడం అతిశయోక్తి కాదు. వారెన్ స్పెక్టర్ సారథ్యంలో, హార్వీ స్మిత్ ముఖ్య రూపకర్తగా, అమెరికాలోని ఆస్టిన్ నగరంలో అయాన్ స్టార్మ్ సంస్థ నిర్మించిన ఈ ఆటను ఐడోస్ సంస్థ 2000 జూన్‌లో విడుదల చేసింది. కథాకాలం 2052. ‘గ్రే డెత్’ అనే మహమ్మారి లోకాన్ని పీడిస్తూ, దానిని అణచే ‘ఆంబ్రోసియా’ అనే మందు కొద్దిమందికే అందుతున్న రోజులలో, ఒంట్లో సూక్ష్మయంత్రాలు నింపుకొన్న జేసీ డెంటన్ అనే యువకుడు, ఐక్యరాజ్యసమితి నడిపే యునాట్కో అనే ఉగ్రవాద నిరోధక దళంలో తొలిసారి విధికి హాజరు కావడంతో కథ మొదలవుతుంది.

తెలుగు నేలపై ఒక తరానికి చాటుగా ఆడే ఆటలను అలవాటు చేసింది మాత్రం ఇది కాదు. అదే ఐడోస్ సంస్థ అదే ఏడాది చివర్లో విడుదల చేసిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ ఆ పని చేసింది. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ రూపొందించిన ఆ ఆట నెట్ సెంటర్లలోనూ, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలోనూ ఎంతగా పాతుకుపోయిందంటే, ఆనాటి కుర్రవాళ్లలో చాలామందికి కంప్యూటర్ ఆట అనగానే డేవిడ్ జోన్స్ అనే గూఢచారి కంచె దాటి సైనిక స్థావరంలోకి చొరబడే దృశ్యమే గుర్తుకు వస్తుంది. అందులోని 14 ఘట్టాలలో ఏ ఒక్కదాని మధ్యలోనూ ఆటను భద్రపరచుకునే వీలు లేదు. కెమెరా కంట పడితే అలారం మోగుతుంది, అలారం మోగితే బారకాసుల నుంచి సైనికులు బిలబిలా వచ్చిపడతారు, ప్రాణం పోతే ఘట్టమంతా మళ్లీ మొదటికి వస్తుంది. అలాంటి చోట పాఠం నేర్చుకున్న ఆటగాడికి కంటబడడమంటే ఓడిపోవడమే. ఆ భయాన్ని వెంటబెట్టుకుని డ్యూస్ ఎక్స్‌లో అడుగుపెడితే మాత్రం ఆట రుచి సగానికి సగం చేజారిపోతుంది.

డ్యూస్ ఎక్స్‌లో కంటబడడం ఓటమి కాదు, కథలో మరో మలుపు మాత్రమే. కావలివాడు చూశాడంటే కాల్పులు జరపవచ్చు, గోడమీది అలారం బోర్డు వైపు పరుగెత్తవచ్చు. కానీ ఆటగాడు మలుపు తిరిగి చీకట్లో కూర్చుంటే అతడు కాసేపు వెతికి, విసుగు చెంది తన దారికి తాను మళ్లుతాడు. ఆటను ఎక్కడైనా, ఎప్పుడైనా భద్రపరచుకోవచ్చు. ఈ వెసులుబాటు ఉన్నందువల్లనే కొత్తవారు ప్రతి చిన్న పొరపాటుకూ వెనక్కి వెళ్లి సరిదిద్దుకునే జబ్బులో పడతారు. ఆటలోని అత్యుత్తమ ఘట్టాలు పథకం తలకిందులైనప్పుడే పుడతాయి కనుక, ప్రాణం పోతే తప్ప వెనక్కి వెళ్లకూడదని నియమం పెట్టుకోవడం మేలు.

మొదటి ఘట్టం న్యూయార్క్ రేవులోని లిబర్టీ ద్వీపంలో జరుగుతుంది. తల తెగిపడిన స్వేచ్ఛా ప్రతిమను తిరుగుబాటుదారులు ఆక్రమించి ఉంటారు. పడవ దిగగానే జేసీ అన్న పాల్ ఎదురుపడి, రాకెట్లు ప్రయోగించే జెప్ తుపాకీ, దూరం నుంచి గురిచూసే స్నైపర్ రైఫిల్, మత్తు బాణాలు వదిలే చేతి విల్లు అనే మూడింటిలో ఒకటి ఎంచుకోమంటాడు. విల్లు సౌమ్యమైన ఆయుధమే గానీ, బాణం తగిలినవాడు వెంటనే కూలడు. మత్తు తలకెక్కే లోపు కేకలు వేస్తూ పరుగుపెడతాడన్న సంగతి తెలియక చాలామంది కంగారు పడతారు. చప్పుడు లేకుండా దగ్గరికి చేరగలిగితే వెనుక నుంచి లాఠీ దెబ్బ దానికంటే నమ్మదగినది. ఆ తరువాత ప్రతిమలోకి ప్రవేశించడానికి ముందు ద్వారం ఒక్కటే దారి అనుకోవడం పొరపాటు. ఉత్తరపు రేవులో ఉండే హార్లీ ఫిల్బెన్ అనే వేగును పలకరించి ఆ ద్వారపు తాళంచెవి సంపాదించవచ్చు. లేదా వెనుకవైపు పేర్చిన పెట్టెల మీదుగా పైకెక్కవచ్చు. గండికోటకు వెళ్లిన జమ్మలమడుగువాసి ఎవరూ ముఖద్వారం చూసి తిరిగి రారు. ధాన్యాగారం, జుమ్మా మసీదు, రంగనాథాలయం చుట్టి, పెన్నా లోయ అంచుదాకా నడిచాకే కోటను చూసినట్లు భావిస్తారు. డ్యూస్ ఎక్స్‌లోని ప్రతి స్థలాన్నీ ఆ దృష్టితోనే చూడవలసి ఉంటుంది.

ఇలా తిరగడం వినోదానికి మాత్రమే కాదు, లాభదాయకం కూడా. ఈ ఆటలో నైపుణ్యాలు పెంచుకోవడానికి ఖర్చుపెట్టే పాయింట్లు మనుషులను చంపినందుకు దక్కవు. అప్పగించిన పని నెరవేర్చినందుకూ, మరుగున ఉన్న చోట్లు కనిపెట్టినందుకూ దక్కుతాయి. నైపుణ్యాలు మొత్తం 11, ఒక్కొక్కదానికీ నాలుగు మెట్లు. తొలి గంటలలో తుపాకీ గురి తప్పుతూ ఉంటే ఆటలో లోపముందని కొత్తవారు అనుకుంటారు గానీ, అది జేసీకి ఇంకా అబ్బని నైపుణ్యం. కదలకుండా కాసేపు నిలబడితే గురిగీతలు దగ్గరై గుండు సూటిగా పోతుంది. ఒక ఆయుధ నైపుణ్యాన్నీ, కంప్యూటర్ నైపుణ్యాన్నీ ముందుగా పెంచుకుని, తాళాలు తీసే లాక్‌పిక్‌లనూ, విద్యుత్ పరికరాలను లొంగదీసే మల్టీటూల్‌లనూ పొదుపుగా వాడుకుంటే చాలు. ఎందుకంటే చాలా తలుపుల సంకేతాంకాలు ఎక్కడో ఒకచోట ఎవరో రాసిపెట్టే ఉంటారు.

ఆ రాతలను చదివే ఓపిక ఉన్నవారికే ఈ ఆట పూర్తిగా దక్కుతుంది. డేటాక్యూబ్ అనే చిన్న పలకలలో, కార్యాలయాల కంప్యూటర్లలోని ఈమెయిళ్లలో కథ సగం దాగి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు సంభాషణల వేగాన్ని అందుకోలేమని జంకేవారికి ఒక భరోసా ఉంది. సంభాషణలు అక్షరాలుగా తెరపై కనిపిస్తాయి. వాటిని తరువాత తీరిగ్గా చదువుకోవడానికి ఆటలోనే ఒక పుట ఉంది. దొరికిన సంకేతాంకాలు మరో పుటలో వాటంతటవే నమోదవుతాయి. భాష అడ్డమని ఈ ఆటను వదులుకోనవసరం లేదు.

ఆట తన ఆటగాడిని ఎంత నిశితంగా గమనిస్తుందో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలు. యునాట్కో కార్యాలయంలో ఆడవారి మరుగుదొడ్డిలోకి జేసీ వెళితే, ఆ తరువాత పై అధికారి జోసెఫ్ మాండర్లీ విధి నిర్వహణ గురించి మాట్లాడుతూ ఆ సంగతిని ఎత్తిచూపి మందలిస్తాడు. తిరుగుబాటుదారులను ప్రాణాలతో వదిలినా, ఊచకోత కోసినా సహోద్యోగుల మాటల్లో ఆ లెక్క తేలుతుంది. ప్రతిమ పైభాగంలో లొంగిపోయే నాయకుడిని కాల్చకుండా, అతడు చెప్పేది ఆసాంతం వినడం కొత్త ఆటగాడు తనకు తాను చేసుకోగల గొప్ప మేలు. ఎవరు ఎవరి మందును దోచుకుంటున్నారనే ప్రశ్నకు అక్కడే బీజం పడుతుంది. ఇంతకు మించి కథను విప్పడం చదువరికి అన్యాయం చేయడమే అవుతుంది.

ఒంట్లో అమర్చుకునే ఆగ్మెంటేషన్లు అనే యాంత్రిక శక్తుల విషయంలో ప్రతిసారీ రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి, ఆ ఎంపిక మార్చుకోరానిది. కాళ్లకు వేగమా, నిశ్శబ్దమా అన్న చోట వేగాన్ని కోరుకోవడమే తెలివి. వంగి నడిస్తే చప్పుడు ఎలాగూ తగ్గుతుంది, వేగమిచ్చే శక్తితో ఎత్తైన చోట్లకు ఎగరడం కూడా సాధ్యపడుతుంది. ఇక యంత్రం సంగతి. నేటి కంప్యూటర్లపై ఈ పాత ఆట పరుగు అదుపు తప్పుతుంది గనుక, సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను 60 దగ్గర కట్టడి చేసుకోవాలి. స్థలాలను కొత్తగా తీర్చిదిద్ది అభిమానులు 2015లో వెలువరించిన ‘రివిజన్’ కూర్పు చూడముచ్చటగానే ఉన్నా, మొదటిసారి ఆడేవారు మూలంతోనే మొదలుపెట్టి, ‘రివిజన్’ను రెండోసారికి అట్టిపెట్టుకోవడం మంచిది.