సైకిలు తొక్కి చూచుట

మా పెద్దమ్మాయి యింటరు చదువునకై రావులపాలెము పోవలసి వచ్చినది. మా జొన్నాడకును ఆ యూరికిని నడుమ గౌతమి. దానిపై జాతీయ రహదారి వంతెన. ఆటో నెక్కుదమన్న అది నిండువరకు కదలదు. కావున సైకిలు కొనుటకు నిశ్చయమైనది. దానిని తొక్కి చూడవలసిన వారెవరను ప్రశ్న మా యింట పుట్టలేదు. పుట్టకుండ జేసినవారము మేమే కాబోలు.

అంగడివాడు మర్యాదస్థుడు. నడిమి కమ్మి వంచిన యాడువారి సైకిలు నొకదానిని వెలుపలికి దెచ్చి, "తమరో చుట్టు తిరిగి రండి మేష్టారూ. అమ్మాయిగారు కూర్చుంటారు" అని కుర్చీ వేయించెను. మేము చక్రము నెత్తి త్రిప్పితిమి, వంకర లేదు. వీథి చివరివరకు తొక్కితిమి. గొలుసు చప్పుడు చేయలేదు. బేరము కుదిరినది. జేబులో చేయి పెట్టితిమి.

"నాన్నగారూ, నేను తొక్కి చూస్తాను" అనెను అమ్మాయి.

అంగడివాడు నవ్వెను. మేమును నవ్వితిమి. దీనిని వ్రాయుట మాకు సులభము కాదు. పాఠశాల వార్షికోత్సవములలో స్త్రీవిద్యపై మేము చేసిన యుపన్యాసములు తక్కువవి కావు. అయినను, "నడిబజారులో ఎందుకమ్మా!" అను మాట పెదవి చివరకు వచ్చి యాగినది.

ఆమె పది గజములు పోయి తిరిగి వచ్చెను. "బ్రేకు అందట్లేదండీ." చూచితిమి. మా వ్రేళ్లలో సుఖముగా నిమిడిన బ్రేకుపిడి యామె వ్రేళ్ల కొనలకు మాత్రమే తగులుచున్నది. అట్లు పట్టి వంతెన దిగునపుడు, వెనుక లారీ తరుముకొని వచ్చుచుండగా, ఏమి కావలసినది!

తర్కము చదివినవారము. మా చేతి కందినది గావున బిడ్డ చేతికి నందునని చేసినది అనుమానము. అంగడివాని హామీ శబ్దప్రమాణము. ప్రత్యక్షము కుర్చీలో కూర్చుండియే యున్నది. దాని నెవరు నడిగిరి?

తమిళదేశపు పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకపు తొలినాళ్ల అక్షరోద్యమమున వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడువారి సైకిళ్లు చాలక మగవారివే తొక్కిరి. పిమ్మట కొందరు వానినే మెచ్చిరి. సీటునుండి హేండిలువరకు నుండు కమ్మిపై బిడ్డను గూర్చుండబెట్టుకొనవచ్చును గదా! ఆ కమ్మిని వంచుట పాశ్చాత్య స్త్రీల పొడవు గౌనుల కొరకు 1880 దశకపు చివర మొదలైన యేర్పాటు. మన పల్లెపడుచు బిడ్డ నెక్కడ గూర్చుండబెట్టుకొనునో ఆ కమ్మి వంచినవానికేమి తెలియును?

అమ్మాయి మూడింటిని ద్రోసివేసెను. ప్రతిదానికి సీటు దింపించి, మడమ పెడలుపై నుంచి, పెడలు అడుగునకు వచ్చినపుడు కాలు చక్కగా చాగుచున్నదా యని చూచుకొనెను. నాలుగవదానిని ఏటిగట్టుపైకి తొక్కుకొనిపోయి, వాలులో దిగుచు రెండు బ్రేకులు నొక్కి నిలిపెను. మేము సంచి పట్టుకొని నిలుచుంటిమి. దాని రంగు మాకు నచ్చలేదు. ధరయు కొంత యెక్కువ. ఇచ్చితిమి.

ఆమె సైకిలుపై వంతెన దాటినది. మా ఆటో నిండువరకు కదలలేదు. మే మిల్లు చేరునప్పటికి మొగము కడుగుకొని పుస్తకము తెరచి యుండెను.