ట్విన్ పీక్స్: తొలి పరిచయం

"ఇంతకీ అది దేని గురించి?" అని మిత్రుడొకరు అడిగితే చప్పున జవాబు తోచలేదు. హత్యాపరిశోధన అందామంటే మధ్యమధ్య నవ్వు వస్తుంది. హాస్యమందామంటే వెన్నులో చలి పుడుతుంది. పోనీ కుటుంబగాథ అందామా అంటే, చెట్టు దుంగను పసిపాపలా ఎత్తుకు తిరిగే ఒకావిడను ఏ గాథలో ఇమడ్చగలం?

డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి సృష్టించిన 'ట్విన్ పీక్స్' 1990 ఏప్రిల్ 8న అమెరికాలో ఏబీసీ ఛానెల్లో మొదలైంది. ఇన్నేళ్ళకు దాని తొలి భాగం చూడడం తటస్థించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు చేరువగా, అడవుల నడుమ ఒక చిన్న ఊరు. చేపలు పట్టడానికి బయల్దేరిన పెద్దాయనకు నీటి ఒడ్డున ప్లాస్టిక్ షీటులో చుట్టిన శవం కనిపిస్తుంది. ఊరందరికీ తెలిసిన హైస్కూలు పిల్ల, లారా పామర్.

ఇక డిటెక్టివ్ రావడమే తరువాయి అనుకుంటాం కదా! కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదువుతూ పెరిగిన నాకు కథలో శవమంటే ఒక చిక్కుముడి. విప్పడమే మన పని. ఇక్కడ మాత్రం ఎఫ్‌బీఐ ఏజెంట్ కూపర్ ఊళ్ళో అడుగుపెట్టడానికి అరగంట పైనే పడుతుంది. అంతదాకా ఏడుపే ఏడుపు. ఫొటోలు తీయవలసిన పోలీసు వెక్కి వెక్కి ఏడుస్తాడు. క్లాసులో ఖాళీ కుర్చీ చూడగానే, ఎవరూ నోరు విప్పకముందే, స్నేహితురాలికి సంగతి తెలిసిపోతుంది. మైకులో వార్త చెప్పబోయిన ప్రిన్సిపాలుకు గొంతు పూడుకుపోతుంది. అన్నిటికన్నా, తండ్రి చేతిలోంచి జారిపోయిన టెలిఫోను రిసీవరు, అందులోంచి వినవచ్చే తల్లి ఆక్రందన!

ఎందుకింత సాగదీత అని మొదట విసుగనిపించిన మాట నిజం. తర్వాత చిన్ననాటి మా వీధి గుర్తుకొచ్చింది. ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఇరుగుపొరుగు ఇళ్ళలో కూడా పొయ్యి వెలిగేది కాదు. తెరమీద ఇన్ని వందల హత్యలు చూశాం. ఎవరికోసమైనా ఒక పూట పొయ్యి ఆర్పామా?

కూపర్ వస్తూనే టేప్ రికార్డరులో డయాన్ అనే ఆవిడకు మధ్యాహ్న భోజనం ఖరీదూ, చెర్రీ పై రుచీ వర్ణిస్తాడు. అంత దుఃఖం మీద ఈ చాదస్తమేమిటి అనిపిస్తుంది. కానీ చావింట్లోనూ ఎవరో ఒకరు కాఫీ బాగుందంటారు. ఎవరికో ఆపుకోలేని నవ్వొస్తుంది. ఈ సీరియల్‌లో వింతగా తోచినదంతా నిజానికి మనమెరిగిన లోకమే. మనమే దాన్ని హాస్యమనీ, విషాదమనీ వేరువేరు డబ్బాల్లో సర్దుకున్నాం.

హంతకుణ్ణి అంత త్వరగా బయటపెట్టడం లించ్‌కు ఇష్టం లేదట. ఛానెల్ ఒత్తిడికి తలొగ్గి రెండో సీజన్‌లో చెప్పేశారు. ఆ తర్వాత జనానికి ఆసక్తి సన్నగిల్లి, 1991లో 30 భాగాలతో ఆగిపోయింది. మళ్ళీ 2017లో 18 భాగాలు వచ్చాయి. ప్రశ్న తీరగానే వెళ్ళిపోయినవాళ్ళు, లారా కోసం వచ్చినవాళ్ళు కాదేమో!

నాకింకా 29 భాగాలున్నాయి, తొందరేమీ లేదు. హంతకుడెవరో తెలిసినవారు దయచేసి చెప్పకండి.