నలభై దాటిన గొంతులు

2023 నవంబర్ 17న ఆండ్రే 3000 కొత్త ఆల్బమ్ వచ్చింది. అవుట్‌కాస్ట్ అనే ర్యాప్ జంటలో ఒకడు, 2004లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ అందుకున్నవాడు, 2006 తర్వాత పూర్తి ఆల్బమ్ అంటూ ఇవ్వనివాడు. పదిహేడేళ్ళు ఎదురుచూశాక చేతికొచ్చిన ‘న్యూ బ్లూ సన్’లో ర్యాప్ ఒక్క ముక్క లేదు. గంటన్నరకు కాస్త తక్కువగా వేణువు, దాని చుట్టూ సింథసైజర్లు, చిరుగంటలు. ర్యాప్ ఎందుకు చెయ్యలేదని అడిగినవాళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఈ వయసులో దేని గురించి చెప్పను? చూపు తగ్గుతోందనా, పెద్దపేగు పరీక్షకు వెళ్ళాలనా? అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు.

ఆ ఆల్బమ్ నాకు ఇష్టం. మధ్యలో రెండు మూడు చోట్ల సాగదీసినట్టున్నా, కొత్త వాద్యం పట్టుకుని పసివాడిలా వెతుక్కుంటున్న ఆ ఊపిరి నిజమైనది. కానీ వేణువు కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ కాలం వదల్లేదు. నాకూ చత్వారం వచ్చింది. నేను కాలేజీలో ఈ సంగీతం వినడం మొదలుపెట్టినప్పుడు ర్యాప్ అంటే ఇరవై ఏళ్ళవాళ్ళ పొగరు, కోపం, ఆకలి. చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ పెద్దవాళ్ళయితే అప్పుడేమిటన్నది మా ఊహలో లేదు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో ఒక అన్న డీజేగా, చెల్లెలు నిర్వాహకురాలిగా జరిపిన పార్టీని హిప్ హాప్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఆ అన్నే కూల్ హెర్క్. అంటే ఆండ్రే వేణువు ఆల్బమ్ వచ్చిన ఏడాదే హిప్ హాప్‌కూ యాభై నిండాయి. యాభై ఏళ్ళ కళకు యాభై ఏళ్ళ మనిషి మాట్లాడే చోటు లేకపోతే ఎలా?

ఉంది. అదే నేను ఈ మూడు నాలుగేళ్ళ ఆల్బమ్‌లలో నేర్చుకున్నది. మొదట నేర్పినవాడు కా అనే ర్యాపర్.

కా బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ మనిషి. అసలు పేరు కసీమ్ రయన్. న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో ఉద్యోగం, కెప్టెన్ హోదా వరకూ వెళ్ళాడు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ వైపు పరుగెత్తినవాళ్ళలో ఆయనొకడు. కుర్రతనంలో ర్యాప్ బృందాల్లో తిరిగి, కలిసిరాక వదిలేసి, ముప్పై అయిదు దాటాక 2008లో సొంతంగా మొదటి ఆల్బమ్ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆగలేదు. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. ఆల్బమ్ తయారయ్యాక, ఒకప్పుడు పేరుమోసి తర్వాత మూతబడ్డ రికార్డుల దుకాణం ఉన్న వీధిలో సీడీలు పట్టుకుని నిలబడేవాడు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళకు తన చేత్తో ఇచ్చేవాడు. ఇండీ అనే మాటను ఇప్పుడు ఒక రకం గిటార్ మోతకు పేరుగా వాడేస్తున్నారు గానీ, దాని అసలు అర్థంలో ఇంత స్వతంత్రంగా బతికిన సంగీతకారుడు నాకు మరొకరు తెలియదు.

ఆయన పాటల్లో డ్రమ్స్ దాదాపు వినపడవు. ఒక చిన్న శాంపిల్ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. దాని మీద, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారన్నంత నెమ్మదిగా గొంతు. కానీ ఆ మాటల అల్లిక చూడాలి. ప్రతి వాక్యంలో శ్లేష, ఒక అర్థం తెలిసేలోపు కింద ఇంకొకటి కదులుతుంటుంది. ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో ఆధారం తీసుకుంటాడు: చదరంగం, సమురాయ్‌ల నీతి, గ్రీకు పురాణం, బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను వంశం. ఏ కథ ఎత్తుకున్నా చివరికి చెప్పేది తన వీధి గురించే. ఎవరెవరు పోయారు, తనెందుకు మిగిలాడు, మిగిలినందుకు ఏం బాకీ పడ్డాడు. ఇరవై ఏళ్ళవాడు ఇదే వీధి గురించి చెబితే అది వార్త. నలభై అయిదేళ్ళవాడు చెబితే అందులో తీర్పు ఉంటుంది, ఆ తీర్పులో తనూ ఉంటాడు.

ఆయన్ని వింటుంటే నాకు శతకాలు గుర్తొస్తాయి. రాజాస్థానం రుచి చూసి, చివరికి రాజులంటేనే విసిగిపోయి, కాళహస్తీశ్వరుడితో ఒంటరిగా మాట్లాడుకున్న ధూర్జటి గొంతు ఉందే, అది పడుచువాడి గొంతు కాదు. అంతా చూసి వచ్చినవాడిది. మన పద్యానికి ఆ గొంతు ఎప్పటినుంచో ఉంది, దాన్ని మనం గౌరవించాం. ర్యాప్‌లో ఆ గొంతును నేను మొదట గుర్తుపట్టింది కా దగ్గర.

2024 ఆగస్టులో ఆయన ‘ద థీఫ్ నెక్స్ట్ టు జీసస్’ వచ్చింది. నల్లజాతి చర్చి పాటల తునకల మీద నిలబడి, బానిసలుగా బతికిన తన పూర్వీకులకు ఆ మతం ఏమిచ్చింది, ఏం తీసుకుంది అని అడుగుతాడు. దూషణ కాదు, లెక్క అడగడం. అదే ఏడాది అక్టోబర్ 12న, యాభై రెండేళ్ళకు కా కన్నుమూశాడు. పెద్ద అవార్డు వేదికల మీద ఆయన పేరు వినపడలేదని నాకు ఇప్పటికీ బాధే. గత పదిహేనేళ్ళ ర్యాప్‌లో ఇంత శ్రద్ధగా మాట చెక్కినవాళ్ళు ఎంతమంది ఉన్నారని?

మరుసటి ఏడాది జూలైలో క్లిప్స్ సోదరులు తిరిగొచ్చారు. వర్జీనియా ర్యాపర్లు. తమ్ముడు పుషా టీ, అన్న మాలిస్. 2002లో ‘గ్రైండిన్’తో, కొకైన్ అమ్మకాల కథలతో పేరు తెచ్చుకున్నారు. అన్న భక్తి వైపు మళ్ళి ఆ కథలు వదిలేశాడు. 2009 తర్వాత జంటగా వాళ్ళ ఆల్బమ్ రాలేదు. ఆ జూలైలో తెచ్చిన ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’ మొదలుపెట్టగానే వినిపించే పాటలో వ్యాపారం లేదు, బెదిరింపు లేదు. కొద్ది నెలల తేడాలో పోయిన తల్లిదండ్రుల గురించి, ‘ద బర్డ్స్ డోంట్ సింగ్’. తమ్ముడిది అమ్మ వంతు, అన్నది నాన్న వంతు. ఆఖరిసారి కలిసినప్పుడు తల్లి తన మనసులోవన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వస్తుంది. కొడుకు ఆ రోజే ఊరెళ్తున్నాడు, ధ్యాస ఫోన్ మీద. ఆమె సెలవు తీసుకుంటోందని అతనికి అప్పుడు తెలియదు. అన్న చరణంలో తండ్రి కారు ఇంటి ముందే ఉంటుంది. తలుపు కొడితే ఎవరూ పలకరు.

ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. కారు, తలుపు, ఫోన్. యాభైకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు మగవాళ్ళు, జీవితమంతా కఠినంగా కనపడటమే వృత్తిగా బతికినవాళ్ళు, ఆల్బమ్‌కు గుమ్మంలోనే దీన్ని పెట్టారు. మిగతా పాటల్లో పాత పొగరు మళ్ళీ వస్తుంది, పనితనం ఎక్కడా తగ్గదు. కానీ ఆ మొదటి పాట విన్నాక మిగతావన్నీ వేరుగా వినపడతాయి. ఆండ్రే అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. చూపు తగ్గుతోందా? దాని గురించే చెప్పు.

ఈ పాట నా ఇంట్లోకి కూడా వచ్చింది. మన ఇళ్ళల్లో అమ్మలు వంట చేస్తూనో, బీరువా సర్దుతూనో ఒక మాట అంటారు. నేను పోయాక ఈ చీర ఫలానావాళ్ళకివ్వు, ఆ గాజులు దానికి, బ్యాంకు పుస్తకం ఇదిగో ఇక్కడ. వెంటనే మనం, అవేం మాటలమ్మా అని ఆపేస్తాం. ప్రేమతోనే ఆపుతాం. ఇప్పుడు మా అమ్మ అలా మొదలుపెడితే నేను ఆపను. చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటాను. ఏ గాజులు, ఎవరిచ్చినవి, ఎప్పుడు చేయించినవి అని అడుగుతాను. ఆవిడ చెబుతుంది, నవ్వుతుంది కూడా. నాకు తెలియని పెళ్ళిళ్ళు, తగాదాలు, ఊళ్ళు ఆ గాజుల వెనక ఉన్నాయి.

ర్యాపర్ బిల్లీ వుడ్స్ గురించి చెప్పకపోతే ఈ వరస అసంపూర్ణం. ఫొటోల్లో మొహం కనపడనివ్వడు. సొంత లేబుల్ నడుపుతాడు. తండ్రి జింబాబ్వే మనిషి, బాల్యంలో కొంత అక్కడే గడిచింది. బీట్లు కట్టే కెన్నీ సెగల్‌తో చేసిన 2023 నాటి ‘మ్యాప్స్’ అంతా ప్రయాణమే: విమానాలు, హోటళ్ళు, వేళకాని భోజనాలు, తెల్లవారుజాము నిద్ర. ఆఖరి పాటలో ఇల్లు చేరి పార్కులో ఆడుకుంటున్న కొడుకును చూస్తుంటాడు. వాడు ఎదుగుతున్నాడు, తనకెంత కాలముందో. ఆయన చెప్పేది అంతే. 2025లో వచ్చిన ‘గాలివాగ్’ ఇంకా చీకటిది, భయం నిండినది. పనితనంలో అదే గొప్పదేమో. నాకు మాత్రం ‘మ్యాప్స్’ దగ్గర.

వయసు ఒక్కటే గొప్పతనం ఇస్తుందని నేననడం లేదు. గీస్ రాక్ బృందం గాయకుడు కామరన్ వింటర్ ఇరవై రెండేళ్ళకు ‘హెవీ మెటల్’ అనే ఆల్బమ్ చేశాడు. తడబడే ఆ గొంతులో ఎంత బరువుందో వింటేగానీ నమ్మలేం. మరోవైపు, సోనిక్ యూత్‌లో దశాబ్దాలు వాయించిన కిమ్ గోర్డన్ డెబ్భై ఏళ్ళ వయసులో, 2024లో, ‘ద కలెక్టివ్’ను ట్రాప్ బీట్ల మీద నిలబెట్టింది. మొదటి పాట సూట్‌కేసులో ఏమేం పెట్టుకోవాలో చెప్పే జాబితా. అంత మామూలు విషయాన్ని అంత భయంకరమైన మోత మీద పెట్టాలంటే ఎంత ధైర్యం కావాలి! ఎవరి బతుకు వాళ్ళు దాచకుండా చెప్పడమే వీళ్ళందరినీ కలుపుతోంది. అది ఇరవైలో ఒకలా ఉంటుంది, డెబ్భైలో మరొకలా.

తెలుగులో ర్యాప్ ఇంకా లేతది. సినిమా పాటలో నాలుగు వరుసలకు పిలిచి పంపేస్తుంటారు. బయట సొంతంగా చేసేవాళ్ళు వీధి గురించి, స్నేహం గురించి, ఎదగాలన్న కసి గురించి చెబుతున్నారు. చెప్పాల్సిందే. కానీ హైదరాబాద్‌లో ముందుగా మైకు పట్టిన తరం మెల్లగా నలభైల వైపు నడుస్తోంది. వాళ్ళు మానెయ్యకూడదని నా కోరిక. ఇంటి అప్పు వాయిదాలు, నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్ళే మంగళవారాలు, అమెరికా వెళ్ళిపోయిన స్నేహితుడు, తన మాట వినని పదహారేళ్ళ కొడుకు, వీటన్నిటి మీదా నాకు తెలుగులో ర్యాప్ కావాలి. వచ్చిన రోజున డబ్బు పెట్టి కొంటాను, అమ్మకు కూడా వినిపిస్తాను.